బయటి గొళ్ళెం

"చదువుకున్నదానివి కదా, నీ బుద్ధి ఏమైందే?"

ఏ ఆశ్రమంలోనో, ఏ పీఠంలోనో, ఏ ప్రార్థనా మందిరంలోనో నాలుగేళ్ళో పదేళ్ళో ఉండి, ఎలాగో బయటపడి పుట్టింటి గుమ్మం తొక్కిన ఆడపిల్లకి మనవాళ్ళు చెప్పే స్వాగతం ఇది. కాళ్ళకి నీళ్ళు తర్వాత. కంచంలో అన్నం ఆ తర్వాత. ముందు మాత్రం ఈ ప్రశ్న. అడిగేవాళ్ళకి జవాబు కూడా అక్కర్లేదు. అది ప్రశ్న వేషం వేసుకున్న తీర్పు.

చిట్టీల కంపెనీవాడు బోర్డు తిప్పేస్తే ఆరు లక్షలు పోగొట్టుకున్న బావగారిని ఎవరైనా ఇలా అడిగారా? అడగరు. "పాపం, ఆయన్ని మోసం చేశారు" అంటారు. వేడివేడి కాఫీ చేతికిస్తారు. అదే మరదలు ఆశ్రమం నుంచి తిరిగొస్తే, "ఎగేసుకుని పోయింది, బుద్ధొచ్చి తిరిగొచ్చింది" అంటారు. ఆయన విషయంలో తప్పు కంపెనీవాడిది. ఈవిడ విషయంలో తప్పు ఈవిడదే. ఈ వ్యాకరణం ఏ మహానుభావుడు రాశాడో గాని, మనం ఆడవాళ్ళమే దాన్ని ఎక్కువ శ్రద్ధగా వల్లెవేస్తున్నాం.

నా కోపం ఈ ప్రశ్న మీద. ఇది ఉత్త ఎత్తిపొడుపైతే ఊరుకుందును. కాదు. బయటికి రావాలని లోపల తహతహలాడుతున్న ఇంకొక ఆడదాని ముఖాన తలుపు వేసే ప్రశ్న ఇది. లోపలి గడియ గురువుగారు వేస్తే వేశాడు. బయటి గొళ్ళెం మాత్రం పెడుతున్నది మనమే.

మా ఊరి సంగతి చెప్తాను. హైదరాబాదు నుంచి నర్సాపూరు మీదుగా మెదక్ వెళ్ళే రోడ్డు మీద ఉంది మా గుమ్మడిదల. ఒకప్పుడు జిన్నారం మండలంలో ఉండేవాళ్ళం. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మాదీ ఒక మండలమైంది. ఇటు బొంతపల్లి, అటు గడ్డపోతారం, ఖాజీపల్లి. ఎటు చూసినా మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల కంపెనీలు. రాత్రిపూట గాలి ఇటు తిరిగిందంటే కిటికీలు మూసుకోవాలి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి అద్దెగదుల్లో కాపురం పెట్టిన కుటుంబాలు ఇక్కడ బోలెడు. భర్త నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటాడు. ఆయన నిద్ర చెడకుండా భార్య మిక్సీ వెయ్యకూడదు, టీవీ పెట్టకూడదు, పిల్లాడు ఏడవకూడదు. అత్తగారు ఊళ్ళో ఉంటుంది. అమ్మ ఇంకా దూరం. ఆ ఒంటిగదిలో ఆ మనిషి నోరు విప్పి మాట్లాడదామంటే గోడకి వేలాడే క్యాలెండరు తప్ప ఎవరూ లేరు.

అలాంటి తలుపు దగ్గరికి ఒకనాటి మధ్యాహ్నం తెల్లచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి, "అక్కా, మంచిగున్నవా?" అని అడుగుతుంది.

అంతే సుమండీ! మాయా లేదు, మంత్రమూ లేదు. మన ఇళ్ళల్లో ఎవరూ అడగని ఆ ఒక్క మాటే.

అలాంటి ఒక గుంపులో ఉండి బయటికొచ్చిన ముగ్గురు నాతో మాట్లాడారు. వాళ్ళ పేర్లు చెప్పను. ఆ గుంపు పేరూ చెప్పను. "మల్ల మాకు లొల్లి వద్దక్కా" అన్నారు. నవలలు రాసే మనిషిని కదా, ఉన్నదానికి నాలుగు కల్పించి రాస్తానేమోనని వాళ్ళకి కొంచెం భయం కూడా. కల్పించడం లేదు. కల్పించాల్సిన అవసరం కనబడలేదు.

మొదటావిడ షిఫ్టు పనివాడి భార్య. "ఆమె వచ్చిన మొదటి దినం నా ముచ్చట రెండు గంటలు ఇన్నదక్కా. నా పెండ్లయి తొమ్మిదేండ్లు. అంతసేపు నా మాట ఎవలన్న ఇన్నరా?" అంది. ఆ రెండు గంటలకు ఆవిడ చెల్లించిన ఖరీదు ఐదేళ్ళు.

మొదట వారానికొక భజన. తర్వాత రోజూ. తర్వాత తెల్లవారుజామున మూడింటికి ధ్యానం. దాంతో నిద్ర పోయింది. తర్వాత ఉప్పూకారం లేని ఒంటిపూట భోజనం. దాంతో సత్తువ పోయింది. నిద్రా సత్తువా లేని మనిషికి ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. బాలింతరాలిగా ఉన్నప్పుడు మనందరికీ అనుభవమే కదా. తర్వాత "సేవ": వంట, అంట్లు, బట్టలుతకడం. ఇంట్లో చేసిన చాకిరీయే, పేరు మారింది. తర్వాత ఫోను. "ప్రపంచపు మైల అండ్ల నుంచే వస్తది" అన్నారట. ఫోను పోయాక అమ్మ గొంతు పోయింది. చివరికి గొలుసూ, గాజులూ.

అన్నిటికన్నా చిత్రమైనది మనసు కడుక్కోవడం. ప్రతి గురువారం అందరి ముందూ తన తప్పులు తాను చెప్పుకోవాలి. ఎవరిమీద కోపమొచ్చింది, ఎవరిమీద ఆశపడింది, మొగుడితో ఎలా ఉండేది, అన్నీ. పెద్దక్క ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆవిడ బయటికొస్తానన్న రోజున ఆ నోటుబుక్కు తెరిచారు. "మీ అత్తకు జెప్పాల్నా ఇవన్ని?" అని అడిగారు. "తలుపుకు తాళమేం లేకుండెనక్కా, ఆ బుక్కే తాళం" అంది ఆవిడ.

ఇది మా గుమ్మడిదలలో కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు, చైనాలో మనసులు మార్చే ఖైదుల్లో ఉండి బయటపడ్డవాళ్ళతో మాట్లాడి 1961లో ఒక పుస్తకం వెలువరించాడు. మనిషిని వంచడానికి వాడే పద్ధతుల్ని ఎనిమిదిగా లెక్కకట్టాడు. బయటివాళ్ళతో మాట లేకుండా చెయ్యడం, మనసులో ఉన్నదంతా కక్కించడం, అనుమానమే పాపమని నేర్పడం అందులోవే. అక్కడ గురువు లేడు, దేవుడు లేడు, హారతి లేదు. పద్ధతి మాత్రం ఇదే. అంచేత ఇది భక్తికి సంబంధించిన విషయమనుకుని భయపడి వెనక్కి తగ్గకండి. ఇది అధికారానికి సంబంధించిన విషయం.

రెండో అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. పరీక్ష చెయ్యనిదే ఒక్క బ్యాచి మీద కూడా సంతకం పెట్టని పిల్ల. బంధువులందరికీ ఈమె బాగా దొరికింది. "మందుబిళ్ళని పరీక్షిస్తావే, గురువుని పరీక్షించొద్దా?" అని ప్రతి పేరంటంలోనూ చలోక్తులు. ఆ పిల్ల నాతో అన్న మాట మీకు చెప్పి తీరాలి.

"ల్యాబుల అనుమానపడితే శెభాష్ అంటరు మేడం. ఇంట్ల అనుమానపడితే నోరుమూసుకొమ్మంటరు. నాకు రెండు దిక్కుల రెండు తీర్ల ట్రైనింగిచ్చిన్రు. ఆశ్రమం ఇల్లు లెక్క ఉండె, ల్యాబు లెక్క లేకుండె."

ఈ జవాబు విన్నాక ఇంకెవరైనా ఆ ప్రశ్న అడగగలరా? పుట్టిన దగ్గర్నుంచీ ఆడపిల్లకి మనం నేర్పేదేమిటి? పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు. ఎందుకని అడక్కు. సర్దుకుపో. నీకు కష్టం కలిగితే నీలోనే ఏదో లోపం ఉంది, చూసుకో. ఇరవయ్యేళ్ళు ఈ పాఠం చెప్పి, చక్కగా తయారైన శిష్యురాల్ని వీధిలోకి పంపిస్తాం. గురువుగారికి కొత్తగా నేర్పాల్సిన పనేముంది? పిండి మనం రుబ్బి పెట్టాం, ఆయన దోసెలు పోసుకుంటున్నాడు.

"అయితే భక్తే తప్పంటావా?" అని మీలో కొందరికి కోపం రావచ్చు. అననండీ. బొంతపల్లి వీరభద్రస్వామి గుడికి నేనూ వెళ్తాను. కొబ్బరికాయ కొడతాను, విభూతి పెట్టుకుంటాను, ఇంటికొచ్చి అన్నం వండుకుంటాను. వీరభద్రుడంతటి ఉగ్రమూర్తి కూడా ఏనాడూ నా ఫోను అడగలేదు. మీ అమ్మతో మాట్లాడకు అనలేదు. వచ్చే వారం రాకపోతే నీ కొడుక్కి జ్వరమొస్తుందని బెదిరించలేదు. ఏ గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా నా పరీక్ష ఒక్కటే. లోపలికి వెళ్ళినంత సులువుగా బయటికి రావచ్చా? డబ్బు లెక్క అడగొచ్చా? అమ్మతో ఒంటరిగా ఓ గంట కూచోవచ్చా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే హాయిగా వెళ్ళండి. ఒక్కదానికి కాదన్నా, అక్కడ దేవుడున్నాడో లేడో గాని యజమాని మాత్రం ఉన్నాడు.

లెక్క అడగడం మర్యాద కాదనుకుంటాం మనం. 2019 అక్టోబరులో చిత్తూరు జిల్లా వరదయ్యపాళెంలోనూ, చెన్నైలోనూ, బెంగుళూరులోనూ కల్కి భగవాన్ సంస్థల మీద ఆదాయపు పన్నువాళ్ళు సోదాలు చేశారు. సుమారు 44 కోట్ల నగదు, 88 కిలోల బంగారు నగలు పట్టుకున్నామనీ, లెక్క చూపని ఆదాయం 500 కోట్లకు పైగా ఉందనీ ప్రకటించారు. ఆ సంస్థలో ఎవరినైనా నిర్బంధించారని నేననడం లేదు. అడుగుతున్నది ఒక్కటే. అన్నేళ్ళపాటు కానుకలిచ్చిన లక్షలమందిలో కాగితం మీద లెక్క చూపించమని అడిగినవాళ్ళు ఎందరుంటారు? కూరలవాడి దగ్గర అర్ధరూపాయి దగ్గర పేచీ పెట్టే మనమే కదా!

ఇక బయటికొచ్చినవాళ్ళ మాటకి మనమిచ్చే విలువ చూడండి. 2002లో హర్యానాలోని సిర్సా డేరాలో ఉన్న ఒక సాధ్వి, తమ మీద గురువు అత్యాచారాలు చేస్తున్నాడని పేరు పెట్టకుండా ప్రధానమంత్రికి ఉత్తరం రాసింది. పేరెందుకు పెట్టలేదో వేరే చెప్పాలా? ఆ ఉత్తరాన్ని తన పత్రికలో వేసిన రామచందర్ ఛత్రపతి మీద ఆ అక్టోబరులో కాల్పులు జరిగాయి. నెల తిరక్కుండా ప్రాణం పోయింది. ఇద్దరు శిష్యురాళ్ళ మీద అత్యాచారం చేశాడని గుర్మీత్ రామ్ రహీమ్‌కి కోర్టు 20 ఏళ్ళ శిక్ష వేసింది 2017 ఆగస్టులో. ఒక ఆడదాని ఉత్తరం నిజమని తేలడానికి పదిహేనేళ్ళు.

అంతకన్నా ముందు సంగతి. దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో జిమ్ జోన్స్ అనే మతగురువు ఊరొకటి కట్టి, వందలాది అమెరికన్లని అక్కడికి తీసుకుపోయాడు. డెబొరా లేటన్ అనే అమ్మాయి 1978 మే నెలలో అక్కడినుంచి తప్పించుకొచ్చింది. అక్కడ అందరిచేతా సామూహికంగా చావడం అభ్యాసం చేయిస్తున్నారని జూన్‌లో ప్రమాణపూర్వకంగా రాసిచ్చింది. అధికారులు పట్టించుకోలేదు. ఆఖరికి లియో ర్యాన్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా చూడటానికి వెళ్తే ఆయన్నే కాల్చిచంపారు. అదే రోజు, నవంబరు 18న, విషం కలిపిన పానీయంతో తొమ్మిదివందలమందికి పైగా చనిపోయారు. అందులో మూడోవంతు దాకా పిల్లలే. ఆ అమ్మాయి హెచ్చరించిన నాటినుంచి ఐదు నెలల గడువుంది. వినే చెవి లేకపోయింది.

ఇంక మన ఇంటికి దగ్గరగా వచ్చే సంగతి. ఢిల్లీ రోహిణిలో వీరేంద్రదేవ్ దీక్షిత్ అనే ఆయన పెట్టిన ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయం ఉంది. పేరుకే విశ్వవిద్యాలయం. 2017 డిసెంబరులో హైకోర్టు పంపించిన బృందం వెళ్ళి చూస్తే, ఇనప తలుపుల వెనక, ఎండ పొడ తగలని గదుల్లో వందమందికి పైగా ఆడవాళ్ళూ, ఆడపిల్లలూ కనిపించారు. నలభైమంది దాకా బాలికల్ని బయటికి తెచ్చారు. కోర్టు దర్యాప్తు సి.బి.ఐ.కి అప్పగించింది. దీక్షిత్ దొరక్కుండా పారిపోయాడు.

ఆ ఆశ్రమంలో చేరిపోయిన తమ కూతురి కోసం అదే హైకోర్టు మెట్లెక్కినవాళ్ళలో మన తెలుగు తల్లిదండ్రులు కూడా ఉన్నారు. కూతురు అమెరికాలో పైచదువులు చదివిన మనిషి. మేజరు. "నా ఇష్టంతోనే ఇక్కడున్నాను" అంది. కోర్టు ఏం చేస్తుంది? మేజరైన మనిషిని జుట్టుపట్టి ఇంటికి తీసుకుపొమ్మని చెప్పలేదు కదా. 2022 ఏప్రిల్‌లో ఒక కమిటీ వేసి, కిరణ్ బేడీ పర్యవేక్షణలో ఆశ్రమం పరిస్థితులు చూడమంది.

ఆ తల్లిని తల్చుకుంటే నా కడుపు తరుక్కుపోతుంది. అయినా చట్టం తప్పని నేననను. ఇవాళ ఆశ్రమం నుంచి కూతుర్ని లాక్కొచ్చే హక్కు తండ్రికిస్తే, రేపు ప్రేమించినవాడి ఇంటినుంచీ లాక్కొస్తాడు, ఉద్యోగం చేసే ఊరినుంచీ లాక్కొస్తాడు. పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆడదాని "ఇష్టం" అనే ఆ చిన్న మాట ఎంతో కష్టపడి సంపాదించుకున్నది, పోగొట్టుకోలేం. కాని ఇష్టమనేది ఒక్కనాడు చెప్పి ఊరుకునేది కాదు. నిన్న ఉండాలనిపించినవాళ్ళకి రేపు వెళ్ళిపోవాలనిపించవచ్చు. ఆ రేపు వచ్చినప్పుడు వెళ్ళడానికి చోటుండాలి. ఆ చోటు కోర్టు ఇవ్వలేదు, పోలీసులు ఇవ్వలేరు. ఇల్లే ఇవ్వాలి.

ఇల్లు ఏమిచ్చిందో మూడో ఆవిడ సంగతిలో చూడండి. ఆమె ఏడేళ్ళు లోపలుండి బయటికొచ్చింది. ఒంటిమీద చీర తప్ప ఏమీ లేదు. తోడబుట్టిన అన్న ఇంట్లోనే దిగింది. మొదటి వారం చుట్టాలు చూడ్డానికొచ్చారు, సర్కస్ చూడ్డానికి వచ్చినట్టు. "అక్కడ మగవాళ్ళు కూడా ఉంటరా?" అని పక్కింటావిడ కళ్ళెగరేసింది. వదినగారు గిన్నెలు కడుగుతూ, "గురువు బువ్వ అరిగినంక మా బువ్వ యాదికొచ్చింది" అంది. మేనల్లుడికి దగ్గొస్తే, గురుద్రోహం చేసినందుకు శాపం తగిలిందేమోనని రాత్రంతా ఈమె వణికిపోతూ కూచుంది. లోపల ఏడేళ్ళు నూరిపోసిన భయం కదా, గేటు దాటగానే దిగిపోతుందా? అన్నగారు చెడ్డవాడు కాదు. రోజూ అన్నం తినేవేళ ఒక్కటే అడిగేవాడు: "అసలెందుకు పోయినవ్ చెల్లె?"

ఆమె నాతో మాట్లాడింది అప్పుడే. "లోపల ఒక్కడు తిడుతుండె అక్కా, ఈడ అందరు తిడుతున్నరు. ఆడ తిట్టినంక దేవుడు నిన్ను క్షమిస్తడనన్న అంటరు" అంది.

నలభై రోజులుంది. నలభైఒకటోనాడు పొద్దున్నే లేచి, ముగ్గేసి, స్నానం చేసి వెళ్ళిపోయింది. మళ్ళీ అక్కడికే. ఇంతవరకూ కబురు లేదు.

ఇప్పుడు చెప్పండి, ఆమెని రెండోసారి లోపలికి పంపింది ఎవరు? మొదటిసారి తెల్లచీర ఆవిడ వచ్చి పిలుచుకుపోయింది. రెండోసారి ఎవరూ పిలవలేదు. మనమే తోశాం.

అంచేత, అక్కచెల్లెళ్ళారా, మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే దయచేసి కొన్ని పనులు చెయ్యండి. లోపల ఉన్నంతకాలం గురువుని తిట్టకండి. తిట్టిన ప్రతిసారీ ఆమె ఆయన పక్షాన మాట్లాడాల్సొస్తుంది, ఆ మాటలకి తానే కట్టుబడిపోతుంది. దొరికితే ఫోనులో, దొరక్కపోతే కార్డు ముక్క మీద, ఇంటి సంగతులు చెప్తూండండి: మామిడికాయ పచ్చడి పెట్టాం, పిన్ని కూతురికి సంబంధం కుదిరింది, నీ పెట్టె అలాగే ఉంది. ఆమె సర్టిఫికెట్లూ, బ్యాంకు పుస్తకమూ జాగ్రత్తగా దాచండి. ఎంత ఏడ్చినా అక్కడికి డబ్బు పంపకండి. పొలం కాగితాల మీద సంతకం పెట్టమని తెస్తే ముందు వకీలుకి చూపించండి. వకీలుకి డబ్బు లేదంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. 15100కి ఫోను చెయ్యాలి. కొడుతున్నారన్నా, బంధించారన్నా మహిళల సహాయం నంబరు 181. మైనరు పిల్ల లోపలుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆలోచించకండి, పోలీసుల దగ్గరికి వెళ్ళండి.

ఆమె తిరిగొచ్చిన రోజున అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "తిన్నవా బిడ్డా?" అని. ఆ తర్వాత పడుకోనివ్వండి. రెండు రోజులైనా, పది రోజులైనా పడుకోనివ్వండి. ఏళ్ళ తరబడి బాకీపడ్డ నిద్ర అది. చెప్పాలనిపించిన రోజున తనే చెప్తుంది. అప్పుడు రెండు గంటలు కూచుని వినండి. ఆ తెల్లచీర ఆవిడ విన్న పాటి మనం వినలేమా?

ఇంకా ఎవరూ వెళ్ళని ఇళ్ళవాళ్ళకి కూడా ఒక మాట. నైట్ షిఫ్టు ఇంటి ఇల్లాలు మీ పక్క గదిలోనే ఉంది. రేపు మధ్యాహ్నం తెల్లచీర ఆవిడ కన్నా ముందు మీరే వెళ్ళి ఆ తలుపు తట్టండి.